చేతిలో గొంతు

జూలై 8, 2025

ఈ రోజు మళ్ళీ మాట్లాడాను. కంఠం తీసేశాక ఇదే మొదటిసారి.

నిజానికి మాట్లాడింది ఫోను. నేను తెలుగులో టైపు చేసి కింద ఉన్న బొమ్మ నొక్కితే లోపలి నుంచి ఒక అమ్మాయి చదువుతుంది. మా కూతురు రీనా భువనేశ్వర్‌లో ఆఫీసుకు సెలవు పెట్టి ఇందుకోసమే వచ్చింది. నా పాత ఫోను షాపులో ఇచ్చేసి ఈ కొత్తది తెచ్చి, కూర్చుని అన్నీ సర్దింది. ఆస్పత్రిలో ఇచ్చిన యంత్రాన్ని, మెడకు ఆనించి మాట్లాడేదాన్ని, అటక మీద పెట్టించాను. దానితో పలికితే మిక్సీ తిరిగినట్టు ఉంటుంది. పక్క క్వార్టరు అంతోనమ్మ గారి మనవరాలు అది విని ఏడ్చింది. గాలి మింగి త్రేన్పుతో మాటలు పలికించడం కూడా నేర్పబోయారు. అది నాకు చేతకాలేదు. చేతనైతే బాగుండునని కూడా అనిపించలేదు.

మొదటి మాటగా ఏం కొట్టాలో తోచలేదు. ఆయన షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. "అన్నం పెట్టనా?" అని కొట్టాను. ఆ అమ్మాయి వార్తలు చదివినట్టు ఒక్కో మాట విడదీసి అడిగింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, ఫోను వైపు తిరిగి, "పెట్టండి" అన్నారు.

రీనా పొట్ట పట్టుకుని నవ్వింది. "డాడీ, వో మమ్మీ హీ హై నా." అది మమ్మీయే కదా అని.

"నాకేటి తెలుసు? కొత్త కదా" అన్నారాయన, సిగ్గుపడుతూ.

నేనూ నవ్వాను. నా నవ్వుకు చప్పుడు లేదు. మెడ మీది చిల్లులోంచి గాలి వచ్చి, దాని మీద కట్టుకున్న గుడ్డ కాస్త ఎగిరింది, అంతే.


జూలై 12

రీనా వెళ్ళిపోయింది. టాటానగర్ స్టేషన్లో రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి టైపు చేస్తూనే ఉన్నాను. చేరగానే ఫోన్ చెయ్యమని కొట్టేసరికి బోగీ దాటిపోయింది. ప్లాట్‌ఫాం మీద ఆ అమ్మాయి ఎవరికీ కాకుండా ఆ మాట చెప్పింది.


జూలై 15

రోజూ పనికొచ్చే మాటలు రీనా ముందే దాచిపెట్టింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు. నీళ్ళు కావాలి. ఇక్కడ ఆపండి. నేను మాట్లాడలేను, వినగలను. హిందీలో కూడా ఉన్నాయి. ఆ అమ్మాయికి తెలుగు కంటే హిందీయే బాగా వచ్చు.

సాక్చి మార్కెట్లో కాకరకాయల ధర అడిగాను. కూరగాయలామె జవాబు ఫోనుకు చెప్పింది. ఆటో డ్రైవరూ అంతే. మందుల షాపులో కుర్రవాడూ అంతే. మాట ఎక్కడి నుంచి వస్తుందో అటే చూస్తారు మనుషులు, వాళ్ళ తప్పు కాదు. కానీ అంతసేపూ నా మొహం ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.


జూలై 21

ఈ రోజు నుంచి మళ్ళీ బడికి. నేను చెప్పే మూడో తరగతి ఇవ్వలేదు. లైబ్రరీలో కూర్చోమన్నారు. "కొన్నాళ్ళు, మిస్, తర్వాత చూద్దాం" అంది ప్రిన్సిపాల్ మేడమ్. మంచావిడే. ఆమె కూడా ఫోనుకే చెప్పింది.

పిల్లలు మాత్రం ఇష్టపడ్డారు. తనుశ్రీ అనే పిల్ల మిగతావాళ్ళకి వివరిస్తోంది: "మిస్ కే ఫోన్ మే ఏక్ దీదీ రహ్తీ హై. మిస్ ఉస్‌కో చుప్‌కే సే బతాతీ హై." ఫోనులో ఒక దీదీ, అంటే అక్క, ఉంటుంది; మిస్ రహస్యంగా చెబుతుంది, దీదీ పైకి చెబుతుంది. నేను పెట్టుకున్న ఏ వివరణ కంటే ఇదే బాగుంది.


జూలై 22

రాత్రి ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయాను. ఇంటికి వచ్చేదాకా మూగదాన్ని.


ఆగస్టు 3

గుడి. మా చర్చిలో ఇన్నేళ్ళూ పాటలు ఎత్తుకున్నది నేను. ఈ రోజు వెనక వరుసలో కూర్చున్నాను. మొదటి చరణం పెదవులు కదిపాను, తర్వాత మానేశాను. ఎవరినో మోసం చేస్తున్నట్టు అనిపించింది. పక్కన అంతోనమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ శ్రుతి ఎప్పుడూ తప్పే. నేను పాడుతుంటే నా గొంతు వెనక దాక్కునేవారు. ఇప్పుడు దాక్కునే చోటు లేక ఆవిడ గొంతు అందరికీ వినిపించింది.

ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళందరూ చుట్టూ చేరారు. ఫోను చూపించమన్నారు. పాస్టరమ్మ గారి చెల్లెలు నా చేతిలోంచి దాన్ని లాక్కుని అటూ ఇటూ తిప్పి, "ఎంత బాగుందో, మనిషి మాటే" అంది. ఆమె వేళ్ళు దాని మీద తిరుగుతుంటే నా మెడలోని చిల్లులో ఎవరో వేలు పెట్టినట్టు ఊపిరి ఆగింది. లాక్కున్నాను. మర్యాదగా లేదని తెలుసు. "క్షమించండి" అనే మాట దాచిపెట్టి ఉంది, నొక్కలేదు.

ఈ మధ్య ఛార్జింగ్ తగ్గుతున్నకొద్దీ గొంతు దగ్గర బిగుసుకుంటోంది. అక్కడ బిగుసుకోవడానికి ఏమీ మిగల్లేదు. అయినా బిగుసుకుంటోంది.


ఆగస్టు 9

పెళ్ళయిన నాటి నుంచి మా ఇంట్లో మాట నాది, వినికిడి ఆయనది. మిల్లులో ఇనుము చప్పుడు మధ్య పనిచేసి వచ్చే మనిషికి ఇంట్లో మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది అని నేనే సర్దుకుని, ఇద్దరి వంతూ నేనే మాట్లాడేదాన్ని. ప్రశ్న నేనే వేసి జవాబు కూడా నేనే చెప్పుకునేదాన్ని. ఆయన "ఊఁ" అనేవారు. అదే మా కాపురం. ఎవరైనా అడిగితే సుఖంగా ఉన్నామనే చెప్పేదాన్ని.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరు వినేవాళ్ళం ఉన్నాం.

నేను టైపు చేసేలోపు మాట చల్లారిపోతుంది. ఆయన పాపం కాసేపు నిలబడతారు, చేతులు వెనక కట్టుకుని, ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు నిలబడ్డట్టు. ఆ అమ్మాయి చదువుతుంది. "అలాగేనండి" అంటారు. తర్వాత టీవీ పెడతారు.

ఈ రోజు పోట్లాడాలనుకున్నాను. కారణం చెప్పుకోదగ్గది కాదు, తడి తువ్వాలు మంచం మీద వేశారు. మునుపైతే ఆ తువ్వాలుతో మొదలుపెట్టి మా అత్తగారి దాకా వెళ్ళేదాన్ని. "మీరు ఎప్పుడూ ఇంతే. నేను చచ్చినా మారరు" అని కొట్టి నొక్కాను. ఆ అమ్మాయి దాన్ని వాతావరణ సూచన లాగా చదివింది. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. గిన్నె మూత నేలకేసి కొట్టాను. ఆయన నవ్వు ఆగింది. రోజంతటిలో నా సొంత చప్పుడు అదొక్కటే.


ఆగస్టు 17

ఆయన సాయంత్రం టీ తాగాక పెరట్లోకి వెళ్తున్నారు, ఫోను పట్టుకుని. గంగాళం పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుంటారు. ఫోను చెవికి ఆనించుకుంటారు. ఆయనకు ఫోనులో మాట్లాడే అలవాటే లేదు.


ఆగస్టు 18

ఈ రోజు కూడా.


ఆగస్టు 21

నాకేం అనుమానం లేదు. ఊరికే గమనించాను, అంతే. వంటింటి కిటికీ నుంచి పెరడు ఎలాగూ కనిపిస్తుంది.

నవ్వుతున్నారు.


ఆగస్టు 24

గుడి నుంచి వస్తుంటే అంతోనమ్మ గారు అడిగారు. "మీ ఆమోసు ఈ మజ్జిన ఫోన్లో ఎవలతో మాటాడతన్నాడమ్మా? గోడ మీంచి సూత్తన్నాను. ఒక్కడే ముసిముసిగా నవ్వుకుంటన్నాడు."

"రీనాతో" అని కొట్టాను. ఆ అమ్మాయి చక్కగా అబద్ధం చెప్పింది. నేనైతే గొంతు వణికేది.

రీనాకు ఫోన్ చేసే వేళ కాదది. రీనా ఆ వేళకి ఆఫీసులో ఉంటుంది.


ఆగస్టు 30

చూశాను.

ఆయన స్నానానికి వెళ్ళారు. నేను చపాతీ పిండి కలుపుతున్నాను. ఫోను బల్ల మీద ఉంది. తెరవడం నాకు తెలుసు, రీనా పేరులో మొదటి అక్షరం గీతగా గీస్తారు. ఊరికే, ఎవరైనా చేశారేమో చూద్దామని తెరిచాను. కాల్స్‌లో కొత్తవాళ్ళెవరూ లేరు. మిల్లు ఫోర్‌మన్ శివశంకర్, రీనా, నేను. వాట్సాప్ తెరిచాను. అన్నిటికంటే పైన నా పేరు. నేను ఆపరేషనుకు ముందు పంపిన వాయిస్ మెసేజ్‌లు.

ఒకటి నొక్కాను.

"ఏవండీ, వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి. నిన్న తెచ్చింది పురుగు పట్టింది. మీరు చూసి తియ్యరు, వాడు ఏది ఇస్తే అది సంచిలో వేసుకుంటారు. అన్నట్టు అంతోనమ్మ గారి అల్లుడు వచ్చాడు, మనిషి సగం అయిపోయాడు, ఏమైందో అడిగితే చెప్పడం లేదు, నేనే కనుక్కుంటాలెండి. వింటున్నారా? వినకపోయినా కొత్తిమీర మాత్రం తెండి."

ఇలాంటివి పైకి జరుపుతూ పోతే ఎన్నో. బజారు మాటలు, బడి మాటలు, ఊరి మీది కబుర్లు. ఒకదాంట్లో రాగం తీస్తూ ఆగిపోయాను, కుక్కర్ కూత వేసిందని.

ఆ మెసేజ్‌ల్లోని ఆడమనిషి గొంతు బాగుంది. కొంచెం ఎక్కువ మాట్లాడుతుంది. ఆమె మాట్లాడుతుంటే మనిషి కళ్ళ ముందు తిరుగుతుంది. రోజూ పెరట్లో ఆయన ఆమెతోనే ఉన్నారు. ఇంట్లో నేను అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంటే టీవీ చూసే మనిషి, అక్కడ బకెట్ మీద కూర్చుని ఆమె మాటలకు నవ్వుతున్నారు. ఆమెకు నా చీరలే, నా పేరే. ఆమెను నేను ఏమని తిట్టను? తిట్టడానికి కావలసిన గొంతు కూడా ఆమె దగ్గరే ఉంది.

అన్నీ ఎంచి తీసేసే గుర్తు నొక్కితే, మొత్తం తుడిచెయ్యాలా అని ఫోను అడిగింది. అవునని నొక్కాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి "టీ ఉందా?" అన్నారు.

"ఉంది" అంది ఆ అమ్మాయి.


ఆగస్టు 31

సాయంత్రం పెరట్లోకి వెళ్ళి వెంటనే లోపలికి వచ్చారు. ఫోను ఆపి, మళ్ళీ పెట్టారు. కళ్ళజోడు తుడుచుకుని చూశారు.

"నా ఫోను ఏటో అయిపోనాది" అన్నారు.

అన్నం తినలేదు ఆయన.


సెప్టెంబరు 1

డ్యూటీకి వెళ్ళలేదు. జ్వరం వచ్చినా వెళ్ళే మనిషి. ఫోను తీసుకుని బిష్టుపూర్ వెళ్ళారు. ఒక షాపువాడు కాదంటే ఇంకో షాపు, అక్కడి నుంచి జుగ్సలాయిలో ఎవరో ఉన్నారంటే అక్కడికి. తిరిగి వచ్చాక చెప్పులు విప్పుతూ, నాతోనో గోడతోనో, "పోయినవి రావంట" అన్నారు.

నన్ను ఏమీ అడగలేదు.


సెప్టెంబరు 6

రీనా వీడియో కాల్ చేసింది. మొహం వెలిగిపోతోంది. వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పారట. మనిషి పాత రికార్డింగులు బాగా ఉంటే ఫోనుకు ఆ మనిషి గొంతే పెట్టవచ్చట. ఆ వార్తలమ్మాయి గొంతు తీసేసి నా గొంతు. నేను టైపు చేస్తే నేనే పలుకుతానట.

"మమ్మీ, నా దగ్గర తక్కువే ఉన్నాయి. నాకెప్పుడూ వీడియో కాలే చేసేదానివి కదా. డాడీ కే పాస్ తో ఢేర్ సారా హై. డాడీ, సబ్ భేజ్ దో నా."

డాడీ దగ్గర బోలెడున్నాయట, అన్నీ పంపమంటోంది. ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నారు. నేల వైపు చూస్తున్నారు.

"నా దగ్గర నేవమ్మా" అన్నారు.

"మత్‌లబ్? ఎలా లేవు?"

"నేనే ఏదో నొక్కీసినాను తల్లీ. నాకీ ఫోన్లు రావు కదా. మొత్తం పోనాయి."

రీనా మొహం వాడిపోవడం తెర మీద చూశాను. "డాడీ, ఆప్ భీ నా" అంది, మీరూ ఒకరు అన్నట్టు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆయన తల వంచుకుని ఆ మాట పడ్డారు.

నా చేతిలో నా ఫోను ఉంది. "నేనే" అని టైపు చేశాను. నొక్కలేదు. కాల్ అయిపోయాక కూడా ఆ మాట తెర మీద అలాగే ఉంది.

ఆయన నిజంగా తనే నొక్కానని అనుకుంటున్నారా?


సెప్టెంబరు 8

అడగాలి.


సెప్టెంబరు 13

"ఆ మెసేజ్‌లు నేనే తీసేశాను" అని టైపు చేసి, వంటింట్లో నిలబడి, తుడిచేశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఈ మాట ఆ అమ్మాయి చేత చెప్పించలేను. ఆమె దీన్ని కూడా వాతావరణం లాగా చదువుతుంది. ఆయన నవ్వినా భరించలేను, "పర్వాలేదండి" అన్నా భరించలేను.

కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. అది ఇంకా పిరికితనం.


సెప్టెంబరు 20

పప్పు మాడింది. నాకు వాసన తెలియదు కదా, ఊపిరి ముక్కులోంచి రాదు. ఆయన షిఫ్టులో ఉన్నారు. అంతోనమ్మ గారు గోడ అవతలి నుంచి అరిచి అరిచి, చివరికి తలుపు బాదారు. "ఒలమ్మా, పొగ బయటికొచ్చేత్తంది. ఏటి సేత్తన్నావు?"

ఏం చేస్తున్నాను? నా గొంతు గుర్తు తెచ్చుకుంటున్నాను. కొత్తిమీర మాట వరకు వస్తోంది. దాని తర్వాత ఏం సాగదీశానో, ఎక్కడ ఆగానో రావడం లేదు. మాటలు గుర్తున్నాయి, గొంతు జారిపోతోంది.

ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచింది. నాకు క్లాసు ఇవ్వవచ్చా అని పెద్దవాళ్ళు ఆలోచిస్తున్నారట, కొందరు తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదట. నవంబరులో సమావేశం. నన్నే వచ్చి మాట్లాడమంది. మాట్లాడమంది అన్నాక తడబడి, "ఐ మీన్" అని ఆగిపోయింది.


అక్టోబరు 1

నిన్న అష్టమి. కాసిడీహ్ పందిట్లో దుర్గ పూజ చూడడానికి వెళ్ళాం. మతం ఏదైనా ఆ దీపాలు చూడని ఇల్లు ఈ ఊళ్ళో లేదు. చిన్నప్పుడు రీనాని భుజాల మీద ఎత్తుకుని ఆయన వెళ్ళేవారు. ఈసారి ఇద్దరమే. ఇంట్లో ఉంటే ఆ నిశ్శబ్దం ఇద్దరికీ భయం, అందుకే ఇద్దరం సరేనన్నాం.

పూజ డోళ్ళు, ఢాక్‌లు, మోగుతున్నాయి. మైకులు ఒకదాని మీద ఒకటి అరుస్తున్నాయి. నేను ఫోనులో ఏదో నొక్కాను, ఆ అమ్మాయి మాట నాకే వినపడలేదు. చేతిలోనే పట్టుకున్నాను, సంచిలో పెట్టను ఎప్పుడూ. గేటు దగ్గర ఒక్కసారిగా జనం తోసుకొచ్చారు. నా భుజానికి ఎవరిదో మోచెయ్యి తగిలింది. ఫోను చేతిలోంచి జారింది. వంగబోయాను, వంగనివ్వలేదు. ఎన్ని కాళ్ళో. నన్ను నిలువునా మోసుకుపోయారు లోపలికి. వెనక్కి చూస్తే ఆయన లేరు.

అరిచాను. నోరు తెరిచి అరిచాను, బలంగా. గుడ్డ కింద గాలి బుస్సుమంది. ఎవరూ తల తిప్పలేదు.

ఆ తర్వాత ఎంతసేపో తెలియదు. ఒకామె భుజం పట్టుకుని సైగ చేశాను, ఆమె తన పాపని దగ్గరకు లాక్కుంది. గుడ్డ జారి మెడ కనిపించింది, అందుకని. ఇద్దరు వాలంటీర్లు నన్ను మైకు ఉన్న టేబుల్ దగ్గరకు తీసుకెళ్ళారు. "నామ్ బోలియే, ఆంటీ. నామ్." ఒకడు నా చెవి దగ్గర గట్టిగా అరిచాడు. నాకు వినిపిస్తుందని ఎలా చెప్పను? ఒకడు ఇంకొకడితో "గూంగీ హై" అన్నాడు. మైకులో వెంటనే అదే వచ్చింది. కాసిడీహ్ అంతా మోగింది. ఒక మాట రాని ఆవిడ ఇక్కడ ఉంది, నీలం చీర, మెడకు తెల్ల గుడ్డ, ఎవరి మనిషైనా వచ్చి తీసుకెళ్ళండి.

ఎవరి మనిషైనా. సామాను లాగా కుర్చీలో కూర్చున్నాను.

ఆయన వచ్చారు. చొక్కా గుండీలు ఊడిపోయాయి, ఒక కాలికి చెప్పు లేదు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొహం పట్టుకున్నారు. ఏదో అన్నారు. ఆ చప్పుళ్ళలో నాకు వినిపించలేదు. ఆ ఢాక్‌ల మధ్య ఆయన గొంతుకూ నా గొంతుకూ తేడా లేదు. ఇద్దరివీ పెదవులే.

"నేనే" అన్నాను. పెదవులతో. "నేనే తుడిచేశాను."

ఆయన నా నోటి వైపే చూస్తున్నారు. ఆపరేషను అయ్యాక ఆయన నా నోటి వైపు చూడడం అదే మొదలు. మళ్ళీ అన్నాను, మెల్లగా, ఒక్కో మాటా.

ఆయన పెదవులు కదిలాయి. "తెలుసు."


అక్టోబరు 2

ఈ రోజు పొద్దున చెప్పారు, పెరట్లో. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ఆయన నా వైపు చూడకుండా చెప్పారు.

"ఆ పొద్దే తెలిసిపోనాది. నా ఫోను మీద పిండి ఉంది. నీ యేలి ముద్దర."

మరి షాపుల చుట్టూ ఎందుకు తిరిగారు? రీనా ముందు ఎందుకు నెత్తిన వేసుకున్నారు? ఫోను లేదు. నేల మీద వేలితో ప్రశ్న గుర్తు గీశాను. ఆయన అర్థం చేసుకున్నారో, చెప్పదలచుకున్నదే చెప్పారో.

"తిరిగొత్తాదేమో అని తిరిగినాను. నీ మీద కోపం రానేదని కాదు. వచ్చినాది. పిల్ల ముందర నిన్ను మాట పడనివ్వలేను గదా, తిరిగి అనడానికి నీకు..." ఆగారు. బోర్లించిన బకెట్ వైపు చూస్తూ మళ్ళీ అన్నారు. "నీ గొంతు మరిసిపోతన్నాను. అదే బయం. ఇన్నేళ్ళు ఇన్నాను కదా, ఎక్కడికి పోతాది, అనుకున్నాను. పోతంది. ఆ ఫోను గొంతు ఇన్నకొద్దీ నీది పోతంది. అందుకని ఇంటన్నాను రోజూ. మందు ఏసుకున్నట్టు."

ఇంత పొడుగు మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నేను చేసినది ఎంతటిదో అప్పుడు తెలిసింది. నేను తుడిచింది ఆ ఆడమనిషిని కాదు. ఈ మనిషి జ్ఞాపకంలో నాకు మిగిలిన చోటుని.

ఏడ్చాను. ఏడుపుకు కూడా చప్పుడు లేదు. ఆయన అటు తిరిగి ఉన్నారు గనుక చూడలేదు.


అక్టోబరు 7

ఫోను లేదు. రీనా కొత్తది పంపిస్తానంది. చెయ్యి ఇంకా అలవాటుగా పక్కన తడుముతోంది, ఒట్టి పరుపు తగులుతోంది.

ఆయన నా పెదవులు చదవాలని పట్టుదలగా ఉన్నారు. చదవడం రాదు. ఉప్పు అంటే పప్పు తెచ్చారు. "మీ మొహం" అంటే, "మేకలా?" అన్నారు. మేకలు ఎక్కడి నుంచి వచ్చాయో. ఒక్కొక్కసారి విసుగొచ్చి చెయ్యి విసిరి వెళ్ళిపోతాను. వెనకే వచ్చి ఎదురుగా నిలబడతారు. "మళ్ళీ సెప్పు."

ఎదురుగా నిలబడాలంటే టీవీ ఆపాలి.


అక్టోబరు 12

గుడిలో కూడా ఎవరూ నాతో మాట్లాడలేదు. ఫోను లేదు కదా, ఎటు చూసి మాట్లాడాలో వాళ్ళకి తెలియలేదు. తల ఊపి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి ఉన్నప్పుడు ఆమెను తిట్టుకున్నాను. ఆమె లేకపోతే నేను స్తంభాన్ని.


అక్టోబరు 19

కొత్త ఫోను వచ్చింది. అదే అమ్మాయి. రీనా దగ్గరున్న రెండు మూడు చిన్న మెసేజ్‌లు గొంతు చెయ్యడానికి సరిపోలేదట. "సారీ మమ్మీ" అంది. రీనాకు నిజం చెప్పాను, టైపు చేసి, ఆ అమ్మాయి చేతనే. ఎలా చదివితే అలా చదివింది. రీనా, "తుమ్‌కో బహుత్ అకేలా లగా హోగా" అంది. చాలా ఒంటరిగా అనిపించి ఉంటుంది కదా అని. అవునని కొట్టాను.


నవంబరు 15

సమావేశం అయింది.

హాలు నిండింది. ప్రిన్సిపాల్ మేడమ్ మైకు తెచ్చి నా ఫోనుకు ఆనించింది. హిందీలో ముందే టైపు చేసుకుని వెళ్ళాను, ఎన్నిసార్లు దిద్దానో. నాకు మాట పోయింది, లెక్కలు పోలేదు. బోర్డు మీద రాయగలను. మీ పిల్లల్లో ఎవరు ఏడుని తిరగేసి రాస్తారో నాకు తెలుసు. పిల్లలు నన్ను చూసి భయపడడం లేదు, మీరు వాళ్ళని అడగండి. ఇలా ఒక పేజీ.

సగంలో ఫోను మోగింది. ఎవరో అప్పు కావాలా అని చేసే కాల్. మైకులో ఆ మోత హాలంతా. కట్ చేశాను. ఆ అమ్మాయి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది, "నమస్కార్, మై యూనిస్ హూఁ." ఎవరో నవ్వారు. ఇంకెవరో. ఒకాయన పక్కావిడతో, "క్లాస్ మే భీ ఐసా హీ హోగా" అన్నాడు, క్లాసులో కూడా ఇలాగే ఉంటుందని, నాకు వినబడేలాగే. ఏం నొక్కాలో కనిపించలేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన నడిచి వచ్చారు. పొద్దున డ్యూటీ మానేసి నన్ను దింపడానికి వచ్చారు, వెళ్ళిపోతారనుకున్నాను. నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. తీసుకోనిచ్చాను.

"హమ్ పఢ్తా హై" అన్నారు మైకులో, నేను చదువుతానని.

ఆయన హిందీ మిల్లు హిందీ. ఆడా మగా అన్నిటికీ ఒకటే. నేను రాసిన చక్కటి వాక్యాలన్నీ ఆయన నోట్లో గుండ్లు అయిపోయాయి. వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివారు. పంటి మధ్య మాట ఇరుక్కున్న మనిషి అంతమంది ముందు చదివారు. చెమటలు కారుతున్నాయి. ఎవరూ నవ్వలేదు.

పేజీ అయిపోయింది. ఫోను నాకు ఇవ్వలేదు. నిలబడే ఉన్నారు. నాకు భయం వేసింది. "చాలు, కూర్చోండి" అన్నాను, పెదవులతో.

ఆయన నా వైపు చూశారు, తర్వాత జనం వైపు తిరిగారు. "అభీ బోల్ రహా హై, బస్ కరో, బైఠో." కూర్చోమంటోంది అని చెప్పారు. తర్వాత, "ఘర్ మే భీ ఐసా హీ డాంట్‌తా హై. ఆవాజ్ నహీఁ హై, ఫిర్ భీ హమ్ డర్తా హై. ఆప్‌కా బచ్చా భీ డరేగా, పఢేగా." ఇంట్లోనూ ఇలాగే కసురుతుంది, గొంతు లేకపోయినా నేను భయపడతాను, మీ పిల్లలూ భయపడి చదువుకుంటారు, అని.

అప్పుడు నవ్వారు అందరూ. ఆ నవ్వు వేరు. వెనక నుంచి ఒకామె, తనుశ్రీ వాళ్ళ అమ్మ, లేచి ఏదో అడిగింది. ఫోనుని కాదు, నన్ను చూసి అడిగింది. హోంవర్క్ ఎలా దిద్దుతారని. చేత్తో గాలిలో రాసి చూపించాను. అర్థమైనట్టే తల ఊపింది.


నవంబరు 18

జనవరి నుంచి మూడో తరగతికి లెక్కలు. రోజుకు ఒక పీరియడే. మిగతా వేళ లైబ్రరీ. ఒకరిద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని వేరే సెక్షనుకు మార్చమన్నారట. మార్చారు.

ఆయనకు చెప్పాను. "ఒకటేనా?" అన్నారు. బయటికెళ్ళి జిలేబీ తెచ్చారు.


నవంబరు 23

ఆయన బి షిఫ్టు. ఇంట్లో ఒక్కదాన్నే. బయట చలి మొదలైంది, అంతోనమ్మ గారు బొగ్గుల కుంపటి పెట్టుకుని కూర్చున్నారు. ఫోను చార్జింగ్‌లో పెట్టి ఇది రాస్తున్నాను.

మొన్నటి నుంచి ఒకటి గమనిస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఏదైనా రాసేటప్పుడు, చదివేటప్పుడు, మనసులో ఒక గొంతు ఆ మాటలు పలుకుతుంది కదా. అందరికీ అంతేననుకుంటాను. ఇన్నాళ్ళూ అది ఎవరిదని నేను ఆలోచించలేదు. నాదే కదా, ఇంకెవరిది.

ఇప్పుడు ఈ వాక్యం రాస్తూ చెవి పెట్టి విన్నాను. నాది కాదు. ఆ ఫోను అమ్మాయిదీ కాదు. ఎక్కడ ఆగాలో తెలియకుండా, ఒక్కో మాట మీదా వేలు పెట్టుకుంటూ, మెల్లగా చదువుతున్నారు ఆయన.